ఎవారిస్ట్ ప్లూర్డ్ గారి బాక్టీరియా

తెల్ల ఎలుగుబంట్ల మీద పరిశోధన చేసేవాళ్లంటే ఎవారిస్ట్ ప్లూర్డ్‌కి ఒళ్లు మంట. కెనడా ఉత్తర కొసన ఉన్న రెజల్యూట్‌లో హెలికాప్టర్ దిగిందంటే ముందు వాళ్లకే. వాళ్లు ఎక్కాక, వాళ్ల మత్తుమందు తుపాకులు ఎక్కాక, వాళ్లని సినిమా తీసేవాళ్లు కూడా ఎక్కాక, మిగిలిన మూలలో ఈయన సీసాల పెట్టె ఒళ్లో పెట్టుకుని ముడుచుకు కూర్చోవాలి. "తెల్లకుక్కల్ని లెక్కపెట్టడానికి కూడా ఒక చదువా?" అని భోజనాల గదిలో అందరికీ వినపడేలా అనేవాడు. అందరూ వినేవారు, ఎవరూ తలెత్తేవారు కాదు. ఆ మాట కిందటేడూ విన్నదే, అంతకు ముందేడూ విన్నదే.

అలాగని తన పని చేసేవాళ్లంటే మాత్రం గౌరవమా అంటే, అదీ లేదు. సరస్సుల్లో నాచు చూసేవాళ్లు తోటమాలులట. నీళ్లు తెచ్చి యంత్రంలో పోసి, బాక్టీరియాని కంటితో చూడకుండానే జన్యువులు చదివేసేవాళ్లు టైపిస్టులట. ప్రాణం ఉన్న బాక్టీరియాని పట్టి, పళ్లెంలో పెంచి, దాని తిండీ తిప్పలూ తెలుసుకున్నవాడే మనిషి. లెక్క వేస్తే ఆ మనిషి ఒక్క ఎవారిస్టే మిగులుతాడు. పాతికేళ్లుగా ప్రతి వేసవీ ఉత్తర దీవుల్లో మంచు కప్పిన సరస్సులకు రంధ్రాలు పెడుతున్న ఈ పెద్దమనిషి కనిపెట్టిందేమిటయ్యా అంటే, ఒకే ఒక్క బాక్టీరియా. మిగతావన్నీ ఎవరో ఒకరు ముందే కనిపెట్టినవి.

పుట్టింది క్యుబెక్‌లో, బోస్ ప్రాంతపు పాలవాళ్ల ఇంట్లో. నాన్న ఆవుల్ని మేపేవాడు, అమ్మ నేలమాళిగలో చీజ్ చేసేది. బల్లల మీద వరసగా పేర్చిన చీజ్ బిళ్లల్ని రోజూ ఉప్పునీళ్లతో తుడవాలి. తుడవగా తుడవగా పైన నారింజ రంగు తొక్క కడుతుంది, వాసన ముక్కు పగిలిపోయేలా ఉంటుంది. ఆ తుడిచే పని చిన్నప్పుడు ఎవారిస్ట్‌దీ, అక్క రొలాండ్‌దీ. బడిలో పిల్లలు ఇతని పక్కన కూర్చునేవారు కాదు. ఆ కంపు వదిలించుకోవడానికే చదివాడంటే అతిశయోక్తి కాదు. పెద్ద ఊరు చేరాక ఇంటివాళ్ల గురించి అడిగితే "వ్యవసాయం" అని ఊరుకునేవాడు. అక్క మాత్రం ఆ నేలమాళిగలోనే ఉండిపోయింది. తమ్ముడు ఉత్తరానికి బయల్దేరేముందు ఏటా ఒక బిళ్ల పంపేది. తమ్ముడు థాంక్స్ చెప్పడు గానీ, బిళ్లని మాత్రం వదిలేవాడు కాదు.

పెళ్లి కూడా అయింది. ఫ్రిజ్‌లో పాలసీసా పక్కనే సరస్సు బురద సీసాలు పెట్టేవాడని ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకుంది. ఓసారి పొరపాటున ఒకటి పారబోసింది. దానికి ఇంట్లో జరిగిన రభస విన్నాక, ఆవిడ వెళ్లిపోయిందంటే ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఇన్నాళ్లు ఎలా ఉందా అనుకున్నారు.

ఇక ఆ ఒక్క బాక్టీరియా సంగతి. మూడో నంబరు సరస్సని ఒకటుంది. దానికి వేరే పేరు లేదు. ఎండాకాలంలో కూడా దాని మంచు పూర్తిగా కరగదు. ఆ మంచు కింది నీళ్లలోంచి ఒకసారి పళ్లెంలో నారింజ రంగు చుక్కలు మొలిచాయి. చలిలో చక్కగా పెరుగుతుంది, ఒంటివేడికి పెడితే ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉంటుంది. పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎవారిస్ట్ దశ తిరిగింది. "ఇది లోకంలో ఇంకెక్కడా లేదు, నా సరస్సులోనే ఉంది" అన్నాడు. అప్పటిదాకా అది ప్రభుత్వ సరస్సు.

కొత్త బాక్టీరియాకి పేరు పెట్టాలంటే ప్రాణంతో ఉన్నదాన్ని రెండు దేశాల్లో దాచిపెట్టించాలి. పైగా కనిపెట్టినవాడు తన పేరు తానే పెట్టుకోకూడదు. ఈ కులంలో అంతకంటే సిగ్గుమాలిన పని లేదు. పెద్దవాళ్లు ఏం చేస్తారంటే, శిష్యుల చేత పెట్టించుకుంటారు. శిష్యులు ప్రతిపాదించినట్టూ, తాము వద్దు వద్దన్నట్టూ అన్నమాట. ఎవారిస్ట్ కూడా తన శిష్యురాలు జోసియాన్‌కి ఆ సంగతి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ వద్దు వద్దన్నాడు.

అంతలో క్రిస్మస్ సెలవుల్లో యూనివర్సిటీలో ఫ్రీజర్ పాడైంది. బాక్టీరియా అంతా చచ్చిపోయింది. ఆయన వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు. డిపార్టుమెంటంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత లేచి, దాన్ని మళ్లీ పట్టుకుంటానన్నాడు. ఆ వేసవే ఆఖరు. శరదృతువులో రిటైరు చేసేస్తున్నారు, ఇంకెవరూ ఆయనకి హెలికాప్టర్ ఇవ్వరు. బాక్టీరియా దొరికితే పేరుంటుంది. దొరక్కపోతే పాతికేళ్లు చలికి వణికినవాడిగా మిగులుతాడు. జోసియాన్ థీసిస్‌లో సగం ఆ బాక్టీరియా మీదే రాసింది. కాబట్టి ఆ పిల్లకీ గత్యంతరం లేదు.

సరస్సు ఒడ్డున మూడు డేరాలు వేశారు. మూడో మనిషి మార్కూసీ. రెజల్యూట్ వాడే, ఎలుగులు రాకుండా తుపాకీ పట్టుకుని కాపలా కాయడానికి వచ్చాడు. వయసులో ఎవారిస్ట్ ఈడువాడు. ఎవర్ని చూసినా చుట్టరికం కలిపేసే రకం. జోసియాన్‌ని చెల్లీ అన్నాడు. ఎవారిస్ట్‌ని బావా అన్నాడు.

"ఎవరికయ్యా బావ?"

"మరి ఎవరూ బావా అనకపోతే ఇంత ముసలాడివి ఎలా బతుకుతావు?" అని మార్కూసీ గడ్డకట్టిన చేపని చాకుతో చెక్కుకుంటూ కూర్చున్నాడు. "ముందు ఆ కోటు బయట తగిలించి రా బావా. డేరాలోకి తేకు."

"ఏం? కోటు ఏం చేసింది?"

"కంపు. జేబులో తిండి పెట్టుకు తిరుగుతున్నావ్. ఇక్కడున్న నాకే నోరూరుతోంది, అక్కడున్న ఎలుగుకి ఊరదా?"

ఆ కోటుకి పెద్ద కథే ఉంది. బాక్టీరియా దొరికిన ఏడు వేసుకున్న కోటు. అప్పట్నుంచి ఉతకలేదు. ఈ క్యాంపుల్లో తిరిగేవాళ్లలో చాలామందికి ఇలాంటి పిచ్చి ఒకటి ఉంటుంది. ఒకడు టోపీ మార్చడు, ఒకడు గెడ్డం గీయడు. కలిసొచ్చిన వస్తువుని కదపకూడదు. లోపలి జేబులో సీసాలు పెట్టుకుంటారు, ఒంటివేడికి నీళ్లు గడ్డకట్టకుండా ఉంటాయని. అక్క పంపిన చీజ్ ముక్క కూడా ఆ జేబులోనే. బయట పెడితే పంటికి లొంగదు మరి.

మంచు మీద ఈయన చేసే పెత్తనం చూసి తీరాలి. రంధ్రం దగ్గర టీ తాగకూడదు, ఉమ్మకూడదు, ఒకటికి వెళ్లాల్సొస్తే డబ్బాలోనే. ఒకసారి ఒక కుర్రాడు రంధ్రం పక్కన తుమ్మాడని, వచ్చిన మొదటి విమానంలోనే వెనక్కి పంపేశాడు. "మీ ఒళ్లంతా బాక్టీరియాయే. మీరే ఒక చెత్తకుండీ" అనేవాడు. తను మాత్రం ఏదో వేరే మట్టితో చేసినట్టు.

జోసియాన్ మొదటిరోజే వట్టిసీసా తీసింది. వట్టిసీసా అంటే మరగబెట్టి చల్లార్చిన శుభ్రమైన నీళ్లు. దాన్నీ సరస్సు దాకా మోసుకెళ్లి, నీళ్లలో ముంచడం తప్ప మిగతా సీసాలకి ఏమేం చేస్తారో దీనికీ అన్నీ చేసి, వెనక్కి తెచ్చి పళ్లెంలో పొయ్యాలి. పళ్లెంలో ఏమీ మొలవకూడదు. మొలిచిందంటే అది సరస్సుది కాదు, తెచ్చినవాళ్లది.

"ఇది నాకెందుకు?" అన్నాడు ఎవారిస్ట్. "నేను పాతికేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. నా చేతులే నాకు సాక్ష్యం."

"ఇప్పుడు పరిశోధన పత్రికలవాళ్లు అడుగుతున్నారు సార్. లేకపోతే వెయ్యరు."

"టైపిస్టులు. సరే, ఇలా తే. నువ్వు చేస్తే ఎలా చేశావో అని మళ్లీ అడుగుతారు. చూసి నేర్చుకో."

సరస్సు నీళ్లూ, వట్టిసీసా కూడా తన చేత్తోనే చేశాడు. చూడముచ్చటగా చేశాడు కూడా. మూత తీసి, మంచుకి అంటుకుపోకుండా లోపలి జేబులో వేసుకుని, తాడుతో సీసా దించి, నింపి, పైకి లాగి, జేబులోంచి మూత తీసి బిగించాడు. వట్టిసీసాకీ, నీళ్లలో ముంచడం తప్ప, అచ్చం అంతే. తర్వాత ఆ నీళ్లని పళ్లేల్లో పోసి, ఒడ్డున మంచులో తవ్విన గూట్లో పెట్టారు. ఆ చలిలో మొలకెత్తడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ మార్కూసీ ఇద్దరికీ పేకాట నేర్పాడు, ఎవారిస్ట్ ఓడినప్పుడల్లా పేకలు బాగోలేదన్నాడు.

ఒకరోజు పొద్దున్నే గూట్లోంచి ఎవారిస్ట్ గావుకేక పెట్టాడు. మార్కూసీ తుపాకీ పట్టుకుని పరిగెత్తాడు. చూస్తే ఎలుగూ లేదు, గిలుగూ లేదు. సరస్సు పళ్లేల్లో నారింజ చుక్కలు మొలిచాయి, ఈయన మంచులో మోకాళ్ల మీద కూర్చుని వాటిని చూసుకుని మురిసిపోతున్నాడు.

ఉత్తరాన ఎక్కడెక్కడో డేరాలు వేసుకున్న వాళ్లంతా రోజూ పొద్దున, సాయంత్రం రెజల్యూట్‌కి రేడియోలో బతికున్నామని చెప్పాలి. ఒకరు చెప్పేది అందరికీ వినిపిస్తుంది. ఆ సాయంత్రం ఎవారిస్ట్ గొంతు సవరించుకుని, "మూడో నంబరు సరస్సు మాట్లాడుతోంది. అందరం క్షేమం. పాతికేళ్ల శ్రమ ఫలించింది. బాక్టీరియా మళ్లీ దొరికింది. లోకంలో మరెక్కడా లేనిది," అన్నాడు. అవతల రేడియో చూసే లోరెట్ "అందింది, శుభం" అంది. ఎలుగుల క్యాంపు పెద్ద గాల్‌బ్రెత్ కూడా "శుభాకాంక్షలు ఎవారిస్ట్" అన్నాడు. ఎవారిస్ట్ రేడియో ఆపేసి, "విన్నావా? కుళ్లు. గొంతులోనే తెలిసిపోతోంది," అన్నాడు.

మర్నాడు జోసియాన్ వట్టిసీసా పళ్లేలు తీసింది. వాటిల్లోనూ నారింజ చుక్కలే.

ఆ పిల్ల ఒక పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదు సార్. రెండూ మీరే చేశారు."

"నీళ్లు మరగబెట్టింది నువ్వు. సరిగ్గా మరగలేదు. లేకపోతే సరస్సు పళ్లెం మీది చెయ్యి దీని మీద పెట్టావు. నీలాంటివాళ్లకి ఇందుకే డాక్టరేట్లు ఇవ్వకూడదు."

జోసియాన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ నీళ్లు మరగబెట్టింది. ఈసారి ఆయన్ని రావద్దని చెప్పి, మార్కూసీని తోడు తీసుకుని సరస్సు మీదికి వెళ్లి, సరస్సు నీళ్లూ వట్టిసీసా తనే చేసింది. మూతని జేబులో వేసుకోలేదు, మరగబెట్టిన డబ్బాలో పెట్టుకుంది. మళ్లీ వారాల తరబడి ఎదురుచూపు. అన్నాళ్లూ రేడియోలో ఎవారిస్ట్ తన బాక్టీరియా గురించి చెప్పుకుంటూనే ఉన్నాడు. దానికి ఏ ఉష్ణోగ్రత ఇష్టమో, ఎంత ఉప్పు ఇష్టమో ఉత్తర దీవులన్నిటికీ తెలిసేలా చెప్పాడు. ఇంతకు ముందే చుక్కలు వచ్చిన వట్టిసీసా సంగతి మాత్రం ఎత్తలేదు.

జోసియాన్ వట్టిసీసాలో ఏమీ మొలవలేదు. ఆమె తెచ్చిన సరస్సు నీళ్లలో తెల్లవి మొలిచాయి, పసుప్పచ్చవి మొలిచాయి, గులాబీవి మొలిచాయి. నారింజవి ఒక్కటంటే ఒక్కటి లేవు. ఇంకో పళ్లెం కూడా ఉంది. దాని సంగతి ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అది ఎవారిస్ట్ చేతికిస్తూ చెప్పింది.

"మీరు మూతలు వేసుకునే జేబులోనే చీజ్ ముక్క ఉంది కదా సార్. కోటు బయట తగిలించినప్పుడు దాని తొక్క మీద పుల్లతో గీకి, దీంట్లో రుద్దాను."

పళ్లెం నిండా నారింజ. చుక్కలు కూడా కాదు, అంతా కలిసి ముద్దగా కట్టింది.

మార్కూసీ టీ గ్లాసు పట్టుకుని తొంగి చూశాడు.

అప్పుడు కూడా ఎవారిస్ట్ పెద్దమనిషి తరహాలో ప్రవర్తించి ఉంటే బాగుండేది. ప్రవర్తించలేదు. మార్కూసీని బయటికి పొమ్మన్నాడు. అతను పోయాక గొంతు తగ్గించి, "ఇవి పారెయ్" అన్నాడు.

"ఏవి?"

"తొక్క పళ్లెం. మొదటి వట్టిసీసా పళ్లేలు. నీవి ఉంచు, వట్టిసీసా శుభ్రంగా ఉందిగా. నాది సరస్సు నీళ్లు, నీది వట్టిసీసా. రెండూ పక్కపక్కన పెట్టి రాద్దాం. ఎవడడుగుతాడు?"

"సార్, అది అబద్ధం."

"కొత్త బాక్టీరియా అన్నది అబద్ధం కాదుగా. పుస్తకాల్లో లేదు. అది నిజం. ఎక్కడ దొరికిందన్నది ఒక్కటే... ఒక్క మాట. ఒక్క మాట కోసం నీ థీసిస్ పోగొట్టుకుంటావా? నువ్వేమన్నా చిన్నపిల్లవా?"

"పోతే పోనివ్వండి" అంది జోసియాన్. "చీజ్ తొక్కని సరస్సు అని చెప్పి డాక్టర్ అనిపించుకోవడం నావల్ల కాదు. పారేస్తే మీరే పారెయ్యండి. నేను మాత్రం అడిగినవాళ్లకి చెప్తాను."

ఆయన పళ్లేలు పట్టుకుని బయటికి వెళ్లాడు. ఆ కాలంలో అక్కడ పొద్దు గుంకదు, కాబట్టి ఆయన ఏం చేస్తున్నదీ డేరాలోంచి కనిపిస్తూనే ఉంది. సరస్సు మీద చాలా దూరం నడిచాడు. రంధ్రం దగ్గర నిలబడ్డాడు. పళ్లేలు అందులో పడేస్తే సరి, రెండు నిమిషాల పని. పడేద్దామని వంగాడు కూడా. అప్పుడు ఆయనకి తట్టిందేమిటంటే, పడేస్తే ఆ బాక్టీరియా నిజంగానే సరస్సులోకి పోతుంది. వచ్చే ఏడు ఎవడో వచ్చి దాన్ని అక్కడ పట్టుకుంటాడు. తను తుమ్మినవాణ్ణి వెనక్కి పంపిన చోటే తను చీజ్ కలిపినట్టవుతుంది. ఈ పనిలో ఉన్నవాడికి తప్ప ఇంకొకడికి ఆ భయం తట్టదు. ఇంత నీచానికి దిగినా ఆ ఒక్క మడి మాత్రం వదల్లేదు. లేచి, పళ్లేలు చంకన పెట్టుకుని, వెనక్కి నడిచి వచ్చాడు.

పొద్దున రేడియో దగ్గర కూర్చున్నాడు. గొప్ప ధైర్యం అనుకోకండి. ఎలాగూ ఆ పిల్ల చెప్తుంది. ఆమె నోట రావడం కంటే తన నోట రావడం మేలనుకున్నాడు. ఎలుగుల వాళ్లు పగలబడి నవ్వుతారు, భోజనాల గదిలో తరతరాలు ఈ కథ చెప్పుకుంటారు. దానికీ సిద్ధపడ్డాడు. నిజం చెప్పాలంటే, ఆ నవ్వులో కూడా ఒక మర్యాద ఉందనే అనుకున్నాడు. పెద్ద చెట్టు పడిపోతేనే గదా జనం చూడటానికి వచ్చేది.

"మూడో నంబరు సరస్సు మాట్లాడుతోంది. అందరం క్షేమం. ఒక సవరణ. నేను పట్టానన్న బాక్టీరియా సరస్సుది కాదు. నా జేబులో చీజ్‌ది. తప్పు నాది. అమ్మాయిది కాదు."

రేడియోలో కాసేపు గరగర తప్ప ఏమీ వినపడలేదు. ఎవారిస్ట్ కళ్లు మూసుకున్నాడు.

"అందింది" అంది లోరెట్. "స్టవ్ నూనె ఎంతుంది?"

"ఏమిటి?"

"స్టవ్ నూనె. గురువారం విమానానికి పంపాలా వద్దా?"

"ఒక డబ్బా పంపండి" అన్నాడు ఎవారిస్ట్.

అప్పుడు గాల్‌బ్రెత్ గొంతు వచ్చింది. "ఎవారిస్ట్, ఇన్నేళ్లూ అడగడానికి మొహమాటపడ్డాను, ఏమీ అనుకోకు. అక్కడ మీరు చదివేది చేపల్ని కదా?"

ఎవారిస్ట్ నోరు తెరిచాడు. పాతికేళ్లుగా ఈ మనిషి తనని చూసి కుళ్లుకుంటున్నాడనుకున్నాడు. నెల రోజులుగా రేడియోలో బాక్టీరియా ఉప్పూ కారం గురించి చెప్పిందంతా చేపల గురించేనని విన్నాడన్నమాట, వింటే గింటే.

"కాదు" అన్నాడు. "చేపలు కాదు."

"ఓహో. సరేలే, జాగ్రత్త," అని గాల్‌బ్రెత్ వెళ్లిపోయాడు. లోరెట్ ఇంకో క్యాంపుని పిలిచింది.

డేరాలో ఎవరూ నవ్వలేదు. మార్కూసీ స్టవ్ మీద నీళ్లు పెట్టాడు. జోసియాన్ పళ్లేలకి మూతలు బిగించి, పెట్టెలో సర్దుతోంది.

"థీసిస్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తాను సార్" అంది. "కొత్తదే కదా. చీజ్ తొక్క మీద దొరికిందని రాస్తే వేసుకునేవాళ్లు వేసుకుంటారు. మీ అక్కగారిని అడిగి ఇంకో ముక్క తెచ్చుకోవాలి."

ఆయన తల ఊపాడు. చేతుల్లోకి చూసుకుంటూ అన్నాడు. "పేరు... నువ్వు ప్రతిపాదిస్తానన్న పేరు... అది అలాగే ఉండనిస్తావా?"

మార్కూసీ ఇటు తిరిగాడు. జోసియాన్‌కి ఒళ్లు మండింది. ఇంత జరిగాక కూడానా అనుకుంది. రాత్రంతా మింగిన కోపం ఒక్కసారి పైకొచ్చింది.

"చీజ్ మీ అక్కగారిది" అంది. "పళ్లేలు నావి. సరస్సుకి దీంతో సంబంధమే లేదు. ఇందులో మీదేముంది సార్?"

ఎవారిస్ట్ నిజంగానే వెతికాడు. చదువులో, పాతికేళ్లలో, ఎక్కడైనా ఏదైనా మిగిలిందేమోనని.

"మోసుకొచ్చింది నేనే కదా" అన్నాడు.

జోసియాన్ పెట్టె మూసింది. మార్కూసీ ముగ్గురికీ టీ పోశాడు.